నానో రంధ్రాల పొర వేస్తే వక్రీభవన సెన్సర్ నిజంగా మెరుగవుతుందా?

సిగ్నల్_నాయిస్ · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. సంగారెడ్డి రోడ్డు వైపు ఒక ల్యాబులో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతున్నాను. నా సెటప్ మామూలు క్రెచ్‌మన్ పద్ధతి: గాజు ప్రిజం, దాని మీద 50 నానోమీటర్ల బంగారు పూత, కింద నుంచి కాంతి, పైన నీళ్ళు పారే చిన్న గది. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందన్న కొలత) మారితే ప్రతిబింబించే కాంతిలో కనబడే గుంట పక్కకు జరుగుతుంది. చక్కెర నీళ్ళతో, ఉప్పు నీళ్ళతో గ్రాఫులు ముచ్చటగా వస్తున్నాయి.

అసలు పని మాత్రం చెరువు నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ జాడ పట్టుకోవడం. అక్కడికొచ్చేసరికి ఏమీ కనబడటం లేదు. కనబడినా అది మందు వల్లా, ఏసీ ఆన్ అయినందువల్లా అన్నది తేలడం లేదు. మా గైడ్ గారు "నానోపోరస్ పొర వేయి, సెన్సిటివిటీ అదే పెరుగుతుంది" అని చెప్పి కాన్ఫరెన్సుకి వెళ్ళారు.

పోరస్ సిలికానా, పోరస్ అల్యూమినానా, పోరస్ బంగారమా? ఎవరైనా చేసినవాళ్ళు చెప్పండి. వచ్చే నెల రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

---

ఉత్తపుణ్యానికి · సోమవారం రాత్రి 10:55

"అదే పెరుగుతుంది" అన్న మాట మీద ఈ దేశంలో ఎన్ని థీసిస్‌లు నడుస్తున్నాయో! గైడ్ గారు తిరిగొచ్చేదాకా ఎదురుచూడకు తమ్ముడూ, ఇక్కడ ఫ్రింజ్ మేడమ్ ఉన్నారు, ఆవిడ లెక్క వేసి చెబుతారు.

---

నీటిచుక్క · సోమవారం రాత్రి 11:20

నేను నీటి పరీక్షల వైపు మనిషిని, ఆప్టిక్స్ అంతగా రాదు. కానీ లెక్కకు పనికొచ్చే సంఖ్య ఒకటి ఇస్తాను. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయిన సంఖ్య అది. మామూలు చెరువుల్లో దానికి వేల వంతు, లక్షల వంతు తక్కువ ఉంటుందనుకోండి. మీ పరికరం ముందు ఆ 31 మిల్లీగ్రాములనైనా చూడగలదా?

---

ఫ్రింజ్ మేడమ్ · మంగళవారం ఉదయం 6:05

నీటిచుక్క గారు చాలా మంచి సంఖ్య ఇచ్చారు. దానితోనే మొదలుపెడదాం.

నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం మిల్లీలీటరుకు ఒక గ్రాము చొప్పున పెరిగితే వక్రీభవన గుణకం సుమారు 0.2 పెరుగుతుంది. లీటరుకు 31 మిల్లీగ్రాములంటే మిల్లీలీటరుకు 0.000031 గ్రాములు. గుణిస్తే వచ్చే మార్పు 0.000006. అంటే ఆరవ దశాంశ స్థానంలో 6.

ఇప్పుడు రెండో సంఖ్య. గది ఉష్ణోగ్రత దగ్గర నీరు ఒక డిగ్రీ వేడెక్కితే దాని గుణకం సుమారు 0.0001 తగ్గుతుంది. కాబట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన ఆ కాలుష్యం మొత్తం మీ పరికరానికి 0.06 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాతో సమానం! మీ ల్యాబులో ఏసీ ఒకసారి ఆగి తిరిగి మొదలైతే అంతకు పదింతలు తేడా వస్తుంది. మీకు కనబడుతున్నది ఏసీయే, సందేహం అక్కర్లేదు.

నీటిలో కరిగిన లవణాలు లీటరుకు ఒక గ్రాము ఉంటే అదొక 0.00017. మన బోరు నీళ్ళలో అంత ఉండటం వింతేమీ కాదు. మందు దాని ముందు ఎంత?

వక్రీభవన గుణకానికి ఎవరు వచ్చారన్నది తెలియదు, ఎంత వచ్చిందో మాత్రమే తెలుసు. అందుకే "సెన్సిటివిటీ పెంచు" అన్న సలహాతో మీ సమస్య తీరదు. పెంచితే మందుతో పాటు ఏసీ, ఉప్పు కూడా అంతే పెరుగుతాయి.

---

సిగ్నల్_నాయిస్ · మంగళవారం ఉదయం 9:30

మేడమ్, ఈ లెక్క చూశాక టిఫిన్ సహించలేదు. మరి పేపర్లన్నిటిలో రంధ్రాల పొర వేస్తే లోపలి వైశాల్యం వందల రెట్లు పెరుగుతుంది, సిగ్నల్ పెరుగుతుంది అని రాస్తున్నారు కదా? అదంతా ఉత్తిదేనా?

---

ఫ్రింజ్ మేడమ్ · మంగళవారం ఉదయం 11:15

ఉత్తిది కాదు. ఏది పెరుగుతుందో విడదీసి చూడాలి.

50 నానోమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రాలు, సగం ఖాళీ, పొర మందం 2 మైక్రాన్లు అనుకోండి. ఖాళీ భాగాన్ని మందంతో, 4తో గుణించి వ్యాసంతో భాగిస్తే చాలు: చదును పలక కంటే లోపలి గోడల వైశాల్యం 80 రెట్లు. పేపర్లలో గొప్పగా రాసేది ఈ 80నే.

ఆ గోడలకు 3 నానోమీటర్ల మందాన ఏదో అంటుకుందనుకోండి. రంధ్రం అడ్డకోతలో అది దాదాపు 22 శాతం చోటు ఆక్రమిస్తుంది. మీ చదునైన బంగారం మీద కాంతి క్షేత్రం నీటిలోకి సుమారు 200 నానోమీటర్ల లోతు పాకుతుంది. అదే 3 నానోమీటర్ల పూత ఆ క్షేత్రంలో 3 శాతం వాటా మాత్రమే. 22కీ 3కీ నిష్పత్తి ఏడు చిల్లర. 80 ఎక్కడ, 7 ఎక్కడ? మీ బంగారు పూత అప్పటికే కాంతిని ఉపరితలం దగ్గర కుదించి పెట్టింది కాబట్టి, వైశాల్యం పెరిగినంతగా లాభం పెరగదు.

ఇంకో మెలిక. ద్రవం మొత్తం మారినప్పుడు ప్రిజం పద్ధతిలో తరంగదైర్ఘ్యం జరిగేది ఒక గుణక యూనిట్‌కు వేల నానోమీటర్లలో ఉంటుంది. రంధ్రాల పొరలో పై అంచు నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే కాంతి కలిసి చేసే వెలుగు-నీడల చారలు, అంటే వ్యతికరణ ఫ్రింజ్‌లు జరిగేది వందల్లోనే. ఏడు రెట్ల లాభంలో చాలా భాగం ఇక్కడే కొట్టుకుపోతుంది. పొర మందం పెంచితే ఫ్రింజ్ ఎక్కువ జరుగుతుందనీ అనుకోవద్దు. ఎంత మందమైనా ఫ్రింజ్ జరిగే దూరం అంతే. మందం వల్ల ఫ్రింజ్‌లు సన్నబడి దగ్గర దగ్గరగా వస్తాయి, దాంతో స్థానాన్ని కచ్చితంగా కొలవగలం. లాభం అక్కడుంది.

రంధ్రాల అసలు ఉపయోగాలు నా దృష్టిలో రెండు. మీకు కావలసిన అణువును నీటిలోంచి లాగి పట్టి ఉంచే చోటు దొరుకుతుంది. అక్కర్లేని పెద్ద అణువులను గుమ్మం దగ్గరే ఆపే జల్లెడ కూడా దొరుకుతుంది.

---

బాలానగర్ యానోడైజింగ్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

నమస్తే మేడమ్, నమస్తే తమ్ముడూ. మాది అల్యూమినియం యానోడైజింగ్ షెడ్. తలుపుల సెక్షన్లు, నేమ్ ప్లేట్లు చేస్తాం. మా అబ్బాయి ఈ లింక్ పంపి "నాన్నా, నువ్వు రోజూ చేసేది ఇదే" అన్నాడు.

మా తొట్టిలో 15 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్, 20 డిగ్రీల దగ్గర, 15 వోల్టుల చుట్టుపక్కల కరెంటు ఇస్తాం. పైన పెరిగే ఆక్సైడ్ (మీరనే అల్యూమినా) పొర నిండా సన్నటి రంధ్రాలే. రంగు నీళ్ళలో ముంచితే రంగు ఆ రంధ్రాల్లోకి దిగుతుంది. చివర్లో మరిగే నీళ్ళలో పెట్టి సీలింగ్ చేస్తాం, ఆక్సైడ్ ఉబ్బి రంధ్రాల మూతులు మూసుకుపోతాయి. సీలింగ్ చేయకుండా ఇవ్వమంటే ఇస్తాను. సీల్ చేయని ప్లేటు మీద వేలు పెడితే పట్టేస్తుంది, వేలి జిడ్డు మరక ఇక పోదు. అదే మీకు కావలసిన గుణం అనుకుంటా!

---

ఉత్తపుణ్యానికి · మంగళవారం మధ్యాహ్నం 2:18

అన్నా, మీ ఒక్క పోస్టు చదివితే సగం రివ్యూ పేపర్ చదివినట్టే.

---

ఫ్రింజ్ మేడమ్ · మంగళవారం మధ్యాహ్నం 3:40

యానోడైజింగ్ గారికి నమస్కారం. మీ తొట్టికీ ల్యాబు తొట్టికీ తేడా క్రమశిక్షణలోనే. 1996లో జపాన్‌లో మసుడా, సాతో రెండు విడతల పద్ధతి చూపించారు. ఒకసారి యానోడైజ్ చేసి, ఆ పొరను కరిగించి తీసేసి, మళ్ళీ యానోడైజ్ చేస్తే రంధ్రాలు తేనెపట్టులా వరుస కడతాయి. వోల్టుకు సుమారు 2.5 నానోమీటర్ల చొప్పున రంధ్రాల మధ్య దూరం పెరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంలో 40 వోల్టులకు 100 నానోమీటర్లు, సల్ఫ్యూరిక్‌లో 25 వోల్టులకు 65 దాకా. తరవాత 5 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెడితే రంధ్రాలు వెడల్పవుతాయి. అంటే రంధ్రాల దూరం వోల్టేజీ చేతిలో, వెడల్పు నానబెట్టే సమయం చేతిలో.

మొదటి ప్రయోగానికి అంత వరుస అవసరం లేదు. కాంతి తరంగం కంటే రంధ్రాలు చాలా చిన్నవి, కాబట్టి కాంతి వాటిని విడివిడిగా చూడదు. మొత్తం పొరను గాలీ, ఆక్సైడూ కలిసిన ఒకే పదార్థంగా చూస్తుంది. వరుస తప్పినా ఫ్రింజ్‌లు వస్తాయి. కాకపోతే షీటు స్వచ్ఛంగా ఉండాలి, అద్దంలా మెరవాలి. తలుపుల సెక్షన్లలో వాడే మిశ్రమ లోహం వద్దు.

నీటిలో పెడితే ఫ్రింజ్‌లు మసకబారతాయి, పొర గుణకానికీ నీటి గుణకానికీ తేడా తక్కువ కదా. రంధ్రాలు వెడల్పు చేశాక పైన 10 నానోమీటర్లకు మించకుండా బంగారం చల్లితే ఫ్రింజ్‌లు స్పష్టమవుతాయి. రంధ్రాలు మూసుకోవు.

---

పాట్‌మార్కెట్ టంచ్ · మంగళవారం రాత్రి 9:05

బంగారం మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక ముక్క. మాది సికింద్రాబాద్‌లో టంచ్, అంటే బంగారం స్వచ్ఛత చూసే పని. బంగారంలో దానికి రెండున్నర, మూడింతల వెండి కలిపి కరిగించి, రేకు సాగదీసి, తేజాబ్‌లో అంటే నైట్రిక్ ఆసిడ్‌లో మరిగిస్తాం. వెండి కరిగిపోతుంది. మిగిలిన బంగారం పచ్చగా మెరుస్తుందనుకుంటారు చూడనివాళ్ళు. కాదు, గోధుమరంగులో, మట్టి పెళ్ళలా ఉంటుంది, పట్టకారు గట్టిగా నొక్కితే పొడి అవుతుంది. ఎర్రగా కాలిస్తే కుంచించుకుపోయి అప్పుడు పసుపు రంగుకు వస్తుంది. పోరస్ బంగారం అని మీరంటున్నది ఇదేనా?

---

ఫ్రింజ్ మేడమ్ · మంగళవారం రాత్రి 9:50

అచ్చంగా అదే. వెండి పరమాణువులు పోయిన చోట మిగిలిన బంగారం సన్నటి తీగల వలలా అల్లుకుంటుంది, ఖాళీలు పదుల నానోమీటర్లు. కాలిస్తే తీగలు కలిసిపోయి వల చెదిరిపోతుంది, అందుకే రంగు తిరిగి వస్తుంది. ల్యాబుల్లో సగం వెండి కలిసిన 12 క్యారెట్ల తెల్ల బంగారు రేకును, సుమారు 100 నానోమీటర్ల పలుచన ఉన్నదాన్ని, గాఢ నైట్రిక్ ఆమ్లం మీద తేలేసి చేస్తారు.

ఈ వల ముట్టుకుంటే నిలవదు, గాజుకు అంటించడం పెద్ద తలనొప్పి. బంగారం కాంతిని మింగుతుంది కాబట్టి గుంట వెడల్పుగా, మొద్దుగా వస్తుంది. రివ్యూ వచ్చే నెల ఉన్నవాళ్ళకు నేను చెప్పను.

---

ఉత్తపుణ్యానికి · మంగళవారం రాత్రి 9:58

చార్మినార్ దగ్గర మిఠాయిల మీద వేసే వరఖు తెచ్చి తేలేస్తే?

---

పాట్‌మార్కెట్ టంచ్ · మంగళవారం రాత్రి 10:01

అది వట్టి వెండి భాయ్. తేజాబ్‌లో వేస్తే రంధ్రాలు కావు, రేకే మిగలదు.

---

ఎంఓఎఫ్_పిచ్చోడు · బుధవారం ఉదయం 8:20

ఇంతసేపు లోహాన్నీ సేంద్రియ అణువులనూ అల్లి చేసే రంధ్రాల స్ఫటికాలు, అంటే ఎంఓఎఫ్‌ల మాట ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం. 2025 కెమిస్ట్రీ నోబెల్ వీటికే కదా, కితగావా, రాబ్సన్, యాఘీలకు. జెడ్‌ఐఎఫ్-8 అనే ఎంఓఎఫ్ అయితే జింక్ లవణం, 2-మిథైల్ ఇమిడజోల్ రెండూ మిథనాల్‌లో కలిపి అందులో గాజు పలక ముంచితే గది ఉష్ణోగ్రతలోనే పొర పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ ముంచిన కొద్దీ పలక రంగు మారుతూ పోవడం కంటితోనే చూడొచ్చు. 2010లో నార్త్‌వెస్టర్న్‌లో హప్ బృందం ఇలాంటి పొరతోనే ఆవిరి సెన్సర్ చేసింది. రంధ్రాల గుమ్మం 0.34 నానోమీటర్లు. నీటిని ఇష్టపడదు కాబట్టి మన జూలై తేమలో కూడా ఆవిరి సెన్సర్‌గా నిలబడుతుంది.

---

ఫ్రింజ్ మేడమ్ · బుధవారం ఉదయం 9:00

జీడిమెట్లలో గాలిలోని సాల్వెంట్ ఆవిరి కొలవాలంటే నేనూ ఇదే చెబుతాను. కానీ సిప్రోఫ్లోక్సాసిన్ అణువు దాదాపు ఒక నానోమీటరు పొడవు. 0.34 గుమ్మంలోంచి ఎలా దూరుతుంది? గుమ్మం బయటే ఉండిపోతుంది. ఏ పదార్థం గొప్పదన్న చర్చ కన్నా ముందు వచ్చే అతిథి సైజు తెలియాలి.

---

ఎంఓఎఫ్_పిచ్చోడు · బుధవారం ఉదయం 9:12

ఒప్పుకున్నాను మేడమ్. పెద్ద గుమ్మాలున్న ఎంఓఎఫ్‌లు వేరే ఉన్నాయి, కానీ నీటిలో నిలకడ చూసి ఎంచుకోవాలి. ఆ చర్చ వేరే థ్రెడ్‌లో పెడతాను.

---

సిగ్నల్_నాయిస్ · బుధవారం రాత్రి 8:45

పోరస్ సిలికాన్ గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. నేను చదివిన వాటిలో ఎక్కువ అదే. 1997లో సైన్స్ పత్రికలో వచ్చిన ఇంటర్‌ఫెరోమీటర్ పేపర్ నుంచి మొదలుపెట్టి చదివాను.

---

ఫ్రింజ్ మేడమ్ · గురువారం ఉదయం 5:50

నిజానికి నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. 1956లో బెల్ ల్యాబ్స్‌లో ఊలిర్ దంపతులు సిలికాన్‌ను నునుపు చేయబోతుంటే రంగు రంగుల పొర వచ్చి కూర్చుంది. ఆ రంగులు ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న వ్యతికరణమే. కరెంటు మార్చితే రంధ్రాల సైజు మారుతుంది, కాబట్టి ఒకే ముక్కలో పైన పెద్ద రంధ్రాలు, కింద చిన్న రంధ్రాలు వచ్చేలా చెక్కవచ్చు.

ఇది మీకు నేరుగా పనికొస్తుంది. 2005లో సాన్ డియాగోలో సెయిలర్ బృందం ఇలాంటి రెండంతస్తుల పొర చేసింది. ప్రోటీన్ పై అంతస్తులోకే వెళ్ళగలదు. ఉష్ణోగ్రత, ఉప్పు రెండు అంతస్తులనూ తాకుతాయి. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చి తీసేస్తే ఏసీ గొడవ చాలావరకు పోతుంది. మీరు మందును పట్టే గ్రాహకాన్ని, పై అంతస్తులోకే దూరగల పెద్దదాన్ని, అక్కడ అంటించండి. మందు రెండు అంతస్తుల్లోకీ వెళ్ళినా పట్టుబడేది పైనే.

రెండు హెచ్చరికలు. యాంటీబాడీని గ్రాహకంగా పెట్టకండి. అది లక్షన్నర డాల్టన్ల భారం, మీ మందు 331. అంత పెద్ద శరీరం మీద ఇంత చిన్నది వాలితే గుణకంలో కనబడదు. మందును పట్టే చిన్న డీఎన్‌ఏ పోగు (ఆప్టమర్) గానీ, మందు ఆకారపు గుంటలు అచ్చు పోసిన పాలిమర్ గానీ చూడండి. అచ్చు పోసిన పాలిమర్ అయితే పై అంతస్తులోనే ఉంచడం కష్టం, అప్పుడు అచ్చు లేని పక్క ముక్కను పోలికకు వాడాలి.

రెండోది చెరువు నీటి పీహెచ్. 8 దాటితే సిలికాన్ మెల్లగా కరుగుతుంది. సిగ్నల్ గంటల తరబడి ఒకే దిక్కుకు జారుతూ ఉంటే అదే కారణం. ఆక్సిజన్‌లో కాల్చి గోడలను సిలికాగా మార్చాకే నీటిలో పెట్టండి.

---

నీటిచుక్క · గురువారం ఉదయం 10:30

చెరువు నీరు వడగట్టకుండా పోస్తే నాచు, బంక ముందు రంధ్రాల మూతుల మీద కూర్చుంటాయి. 0.2 మైక్రాన్ల ఫిల్టర్ తప్పనిసరి. ఆ ఫిల్టర్ మందును పీల్చుకుంటోందా లేదా అన్నది కూడా తెలిసిన ద్రావణంతో చూసుకోండి.

ఇంకోటి, పెద్ద ఇల్లు కడితే నింపడానికి అంతమంది రావాలి. వైశాల్యం 80 రెట్లన్నారు. మందు చాలా తక్కువ ఉన్న నీటిలో ఆ గోడలన్నిటికీ చేరడానికి ఎంతసేపు పడుతుంది?

---

ఫ్రింజ్ మేడమ్ · గురువారం ఉదయం 11:05

పేపర్లలో ఎక్కువగా దాటవేసే ప్రశ్న ఇది. గంటలు పట్టవచ్చు. రంధ్రాల లోపల ప్రవాహం ఉండదు, అణువులు తమంతట తాము పాకుతూ వెళ్ళాలి. అందుకే పొర మందాన్ని మైక్రాన్లలో పదికి పెంచవద్దు, 2 దగ్గర ఆపండి. నిండేదాకా ఆగకుండా, మొదటి నిమిషాల్లో వాలు ఎంత అన్నది కొలిస్తే కొంత సమయం కలిసొస్తుంది.

---

సిగ్నల్_నాయిస్ · గురువారం రాత్రి 9:20

ఇప్పటికి నా ప్లాన్ ఇది. సిలికాన్ చెక్కడానికి వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, అంటే హెచ్‌ఎఫ్ అనుమతి, టెఫ్లాన్ సెల్, ఆ ఆమ్లం ఒంటి మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఇవన్నీ సమకూరేసరికి రివ్యూ దాటిపోతుంది. కాబట్టి ముందు యానోడైజింగ్ అన్న ఇచ్చే సీల్ చేయని ప్లేటుతో, హాలోజన్ దీపం, ఫైబర్, చిన్న స్పెక్ట్రోమీటర్‌తో ఫ్రింజ్‌లు చూస్తాను. ఒక ముక్కకు అచ్చు పాలిమర్, పక్క ముక్కకు అచ్చు లేని పాలిమర్. రెండూ ఒకే నీటి గదిలో, ఒకే థర్మామీటర్ కింద. ప్రిజం అలాగే ఉంచి తరవాత బంగారం మీద పలుచటి అల్యూమినా పొర పెంచి పోలుస్తాను.

---

ఫ్రింజ్ మేడమ్ · శుక్రవారం ఉదయం 6:10

మందు పోసే ముందు ఒక రాత్రంతా వట్టి నీటితో రెండు ముక్కల సిగ్నల్, ఉష్ణోగ్రత రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. రెండింటి తేడాలో ఎంత ఊగు మిగిలిందో చూస్తే మీరు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల దాకా దిగగలరో ఆ గ్రాఫే చెబుతుంది. రివ్యూలో కూడా మొదటి స్లైడుగా అదే పెట్టండి. ఆ బంగారం మీద అల్యూమినా ఆలోచన బాగుంది, పొర తరంగమార్గంలా పనిచేసి గుంటలు సన్నగా వస్తాయి.

---

బాలానగర్ యానోడైజింగ్ · శుక్రవారం మధ్యాహ్నం 1:35

తమ్ముడూ, షీటు నువ్వే తెచ్చుకో, స్వచ్ఛమైనది రాణిగంజ్‌లో అడుగు, లేకపోతే ల్యాబు నుంచి తెచ్చుకో. సైజు అరచేతికి మించకుండా, ఒక మూలన క్లిప్ పట్టడానికి జాగా వదులు. వెనకవైపు టేపు వేసి తీసుకురా, లేకపోతే రెండువైపులా పొర పడుతుంది. శనివారం తొట్టి ఖాళీ. చేతులకు గ్లౌజులు మర్చిపోకు, పని అయ్యాక ప్లేటు ముట్టుకున్నావంటే నీ వేలిముద్రే నీ సిగ్నల్.